కలశములోని నీరు

(అనంతపురమున నొక పఠనమందిరమునందు జరిగిన సభలో చేసిన ఉపన్యాసపాఠము)



మన యిండ్లలో దేవుని గూటి యెదుట ప్రతిదినమును కనబడు వస్తువులను గూర్చి కొంత చెప్పుమని సభవారు నన్నాజ్ఞాపించిరి. కలశము, పంచపాత్ర, ఉద్ధరిణి, శంఖము, గంట, దీపము, అక్షతలు, కొబ్బరికాయ, తమలపాకు - వీనిని చూడనివారు ఈ సభలో నెవ్వరును లేరు. ఎన్నడును చూడని వస్తువును వర్ణించుట సులభము. దినదినమును చేత ముట్టెడు వస్తువును గూర్చి చెప్పుట కష్టము. చేతికి మిక్కిలి యలవాటైన దానిని కన్ను పరిశీలింపదు గదా!

ఈ వస్తువుల యర్థమేమని యడిగినచో నేడు రెండు విధములైన సమాధానములు వినబడుచున్నవి. "పెద్దలు చేసిరి, మేమును చేయుచున్నాము" అనునది మొదటిది. ఇందు భక్తి కలదు గాని విచారము లేదు. "మన పూర్వులు చేసినదంతయు శాస్త్రీయమే, రాగిచెంబు క్రిములను చంపును, గంటమ్రోత మెదడును మేల్కొల్పును, కర్పూరము గాలిని శుద్ధిచేయును" అనునది రెండవది. ఇందు విచారమున్నట్లు తోచును గాని, లోతుగా చూచినచో భక్తియు లేదు, విచారమును లేదు. రాగిపాత్రలో నిలువయుంచిన నీటిలో కొన్ని రోగక్రిములు నశించునని బెంగుళూరునందలి పరిశోధకులు 2012లో ప్రకటించిన మాట సత్యమే. కాని కలశమున కదియే యర్థమైనచో, ఆ పనిని అంతకంటె చక్కగా చేయు యంత్రము ఇంటికి వచ్చిన దినముననే కలశమును అటకమీదికి ఎక్కింపవలసియుండును. ప్రయోజనము నాధారముగా చేసికొని నిలిచిన వస్తువు ఆ ప్రయోజనము తీరగానే పడిపోవును.

మన తెలుగుభాషలో "గుర్తు" అను చక్కని మాట యొకటి కలదు. చిహ్నమనియు దాని కర్థమే. జ్ఞాపకమనియు దాని కర్థమే. పొలిమేరరాయి గుర్తు. "నీకు గుర్తున్నదా?" యని యడిగితిమేని "జ్ఞాపకమున్నదా?" యని యర్థము. పూజావస్తువులు ఈ రెండర్థములందును గుర్తులే. అవి యొకదానిని చూపును. చూపినదానిని మఱవవలదని హెచ్చరించును. మన జాతీయపతాకమును తలచుకొనుడు. 1947వ సంవత్సరము జులై 22వ తేదీన రాజ్యాంగసభ దానిని అంగీకరించినది. నేసినవాని మగ్గముమీద అది మూడురంగుల గుడ్డ. ఆ గుడ్డకు నమస్కరించి దేశమునకు ద్రోహము చేయువానిని మనమేమందుము? గుర్తును పట్టుకొని, అది గుర్తుచేయుదానిని విడిచినవాడందుము. పూజామందిరమునందును న్యాయమిదియే. ఈ న్యాయముచొప్పున మన యింటి పూజావస్తువులను, ముఖ్యముగా కలశమును, మన యీ యెండునేలపై నిలిచి చూచుటయే నేటి నా యుద్దేశము.

కలశమును సిద్ధముచేయు విధమును మీ రెఱుగుదురు. చెంబును తోమి, నీరు నింపి, పసుపుకుంకుమలు పెట్టి, బియ్యముపై నిలిపి, మామిడాకులు అమర్చి, పైన కొబ్బరికాయ నుంచుదురు. కలశపూజలో చదువు శ్లోకముల భావమిది: ఆ పాత్రయొక్క ముఖమున విష్ణువు, కంఠమున రుద్రుడు, మూలమున బ్రహ్మ, నడుమ మాతృగణములు వసింతురు. దాని గర్భమున సముద్రములును, సప్తద్వీపములతోగూడిన భూమియు నున్నవి. వేదములు దాని నాశ్రయించియున్నవి. పిదప గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధువు, కావేరి యను నేడు నదులను పేరుపేరున పిలిచి, ఈ నీటియందు సన్నిధి చేయుడని వేడుకొందుము.

ఈ యావాహనమునందలి ధైర్యమును గమనింపుడు. ఆ చెంబులోని నీరు ఎక్కడిది? పెరటిబావిది, వీధికొళాయిది, బోరునీరు, లేదా ట్యాంకరువాడు తెచ్చి పోసినది. ఆ నీటినే మనము గంగ యనుచున్నాము. కాశికి పోయి తెచ్చుకొన్న నీరు మాత్రమే గంగయైనచో ఈ యావాహనముతో పనియే లేదు. మన యూరి నీరే గంగ, మన యూరి నీటియందే సముద్రములును దేవతలును ఉన్నారని చెప్పుటకే కలశమును నిలుపుచున్నాము. పల్లెలో బోరు వేయించు రైతు నీరు కనబడగానే "గంగ పడినది" అనును. అతడు శ్లోకము చదువలేదు. శ్లోకముయొక్క భావము నెఱిగినవాడే.

ఆ యేడు నదులలో మన పెన్న పేరు లేదు. కొందఱు తుంగభద్రను, కృష్ణవేణిని కూడ చేర్చి పఠించుట కలదు. అనగా నదుల పట్టికను ఎవ్వరును ముద్రవేసి మూసిపెట్టలేదు. నందికొండలలో పుట్టి హిందూపురపు ప్రాంతమున మనలోనికి వచ్చు పినాకినిని, పుట్టపర్తి ప్రక్కగా పోవు చిత్రావతిని, తుంగభద్రలో కలియు వేదవతిని కలశమునందు పిలుచుటకు మనకు అడ్డు చెప్పువా రెవ్వరు? ఏటిలో పెక్కునెలలు ఇసుకయే కనబడుచున్నను, పిలువదగినవి మొదట అవియే.

ఈ నిండుకుండ మన ప్రజలకు నిన్న నేడు దొరికిన గుర్తు కాదు. అమరావతీస్తూపపు చలువరాళ్లపై బౌద్ధశిల్పులు పద్మములతో నిండిన పూర్ణఘటమును చెక్కిరి. ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ ప్రభుత్వముయొక్క రాజచిహ్నమున నిలిచియున్నది. సర్కారు కాగితముపై పడు ప్రతిముద్రయందును ఒక నిండుకుండ కలదు. ఆ కాగితము చేరెడు ఊళ్లలో ఎన్ని కుండలు నిండినవని యడుగుటకు ప్రజలకు అంతకంటె గొప్ప యధికారపత్ర మేమి కావలయును?

ఇక తక్కిన వస్తువులను చూతము. పంచాయతనపూజ చేయు యిండ్లలో ఐదు శిలలుండును. విష్ణువునకు గండకీనదిలోని సాలగ్రామము, శివునకు నర్మదలోని బాణలింగము, గణపతికి శోణనదిలోని యెఱ్ఱరాయి, అంబికకు స్వర్ణముఖీనదిలోని శిల, సూర్యునకు స్ఫటికము. ఐదింట నాలుగు నదీగర్భమునుండి వచ్చినవే! నేపాళమున గండకి, మధ్యదేశమున నర్మద, అచ్చటినుండి ఉత్తరముగా పాఱు శోణ, మన శ్రీకాళహస్తి ప్రక్కన స్వర్ణముఖి - ఇన్ని నదులు జానెడు పెట్టెలో ఇమిడియున్నవి. రైళ్లును రహదారులును లేని దినములలో దేశమంతటిని ఒక పళ్లెరమునందు చేర్చి, నిత్యమును స్నానము చేయించినవారు మన పూర్వులు. సాలగ్రామము కథ మఱియు వింత. హిమాలయములు లేవకపూర్వము ఆ స్థలమున నున్న సముద్రములో బ్రదికిన యొక ప్రాణియొక్క గుల్ల శిలయై యేర్పడినదే ఆ చక్రమని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కొండశిఖరముల దాపునుండి వచ్చిన రాతిలో సముద్రముయొక్క ముద్ర కలదన్నమాట. శంఖమును సముద్రమునుండి వచ్చినదే. సముద్రమునకు దూరముగా, కొండలనీడలో నున్న మన గృహములలో కడలి యడుగుపెట్టినది ఈ రెండు రూపములనే.

గంటను, దీపమును గూర్చి ఎక్కువగా చెప్పను. దేవతలు వచ్చుటకును దుష్టశక్తులు తొలగుటకును గంట మ్రోగింతురని సంప్రదాయము. ఆ మ్రోత మొదట చెదరిన మన మనస్సునకే పిలుపు. దీపము తాను కరిగినగాని వెలుగీయదు. ఈ యర్థములు పసిబిడ్డలకును తెలిసినవే. కాని పళ్లెరములోని నివేదనసామగ్రిని మాత్రము ఒక్కసారి లెక్కింపుడు. కొబ్బరి, తమలపాకు, వక్క, అరటి, మామిడాకు, పసుపు, పువ్వులు, బియ్యము. ఇవన్నియు నీటిబిడ్డలు. తమలపాకుతోట నీటితడి తప్పినచో నిలువదు. మన మెట్టసీమవారి తిండి కొఱ్ఱ, జొన్న, రాగి. అయినను దేవునికి అక్షతలు బియ్యముతోనే చేయుదుము. ఆ బియ్యము ఎక్కడ పండినది? చెఱువుక్రింది మాగాణిలో. కనుక ఈ సీమలో అక్షతలు చెఱువిచ్చిన ప్రసాదము.

మెట్టనేలను మన పూజ తక్కువచేసినదని మాత్రము అనుకొనవలదు. వినాయకచవితినాడు అర్పించు ఇరువదియొక్క పత్రులలో జిల్లేడు, రేగు, ఉమ్మెత్త, ఉత్తరేణి, జమ్మి కలవు. ఇవి మన బీడులయందు, గట్లయందు తమంత తామే పెరుగు మొక్కలు. ఎండకోర్చి బ్రదుకు మొక్కకును దేవుని సన్నిధిని చోటు కలదని ఆ పూజ చెప్పుచున్నది.

పూజయందు నీటిని వాడెడు తీరును గూడ చూడుడు. పదియాఱు ఉపచారములలో పాద్యము, అర్ఘ్యము, ఆచమనము, స్నానము అను నాలుగును నీటివే. అయినను ఎంత నీరు? ఆచమనమునకు మినపగింజ మునుగునంత నీరు చాలునని పెద్దలు కొలత చెప్పిరి. తీర్థమును ఉద్ధరిణితో మూడుమాఱులు ఇత్తురు. నేల రాలనీయవలదని అఱచేతిక్రింద మఱియొక చేయి పట్టుదురు. పూజ ముగిసినపిదప కలశపునీటిని ఇంటిలో చిలుకరించి, మిగిలినదానిని మొక్కకు పోయుదురు. వస్త్రము లేనిచో, ఆభరణము లేనిచో, ఆ స్థానమున అక్షతలు సమర్పించుట యుక్తమే. కాని పూజ మొదలిడుటకు ఆచమనము కావలయును, ఆచమనమునకు నీరు కావలయును. అందఱు దేవతలకంటె ముందు మనము తలచుచున్నది నీటినే. తలచియు దానిని గింజకొలతతో వాడుచున్నాము. గౌరవమును పొదుపును ఒక్కచోట నిలిపిన ధర్మమిది.

సంకల్పమునందు పూజచేయువాడు తానెక్కడ నున్నాడో చెప్పుకొనును. వీధిపేరు చెప్పడు, ఇంటి సంఖ్య చెప్పడు. శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నాడో, ఏ రెండు నదుల నడుమ నున్నాడో చెప్పును. మనము శ్రీశైలమునకు నైరృతిదిక్కున, కృష్ణాకావేరుల నడుమ నున్నాము. నదులనుబట్టి తన చిరునామా చెప్పుకొను జాతి మనది. ఆ చిరునామాయందు నీటిస్థితి యెట్లున్నదో విచారింపక సంకల్పము చెప్పుట పూర్తికాదు.

అయ్యా! మన స్థితిని మీకు నేను చెప్పవలసినది లేదు. పడమటికనుమలు నైరృతిమేఘములను అడ్డగించును. ఈశాన్యపువానలు తూర్పుతీరమున కురిసి, మనవఱకు వచ్చుసరికి పలుచనగును. సంవత్సరమున సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు, పాతలెక్కన 22 అంగుళములకు లోపు. అదియు అదనునకు పడదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతములతోపాటు ఈ సీమయు నలిగిపోయెను. అప్పటికి మనది బళ్లారిజిల్లాలోని భాగము. 1882లో అనంతపురముజిల్లా వేఱుపడినది. అట్టి నేలపై మనుష్యులు ఆఱువందల యేండ్లుగా ఊళ్లు కట్టుకొని నిలిచిరన్నచో, అది వానదేవుని దయవలన కాదు. పడిన చినుకును కట్ట వేసి పట్టుకొన్నందువలన.

ఈ పట్టణముపేరు ననంతసాగరమను చెఱువుతో చేర్చి స్థలచరిత్రము చెప్పుచున్నది. విజయనగరపు బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పదునాలుగవ శతాబ్దమున పండమేరు వాగునకు అడ్డముగా కట్ట వేయించె ననియు, అందువలన బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను నూళ్లు వెలసె ననియు ప్రసిద్ధి. ఊరికి చెఱువు అలంకారము కాదు. చెఱువే ముందు, ఊరు తరువాత. పొరుగున కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెఱువుశాసనమును చూడుడు. శకము 1291, అనగా క్రీస్తుశకము 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని వేయించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, రాకూడని యాఱు దోషములను ఆ శాసనము లెక్కపెట్టినది. కట్టనుండి నీరు కాఱుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల యెక్కువగుట, నీరెక్కువై నేల చాలకుండుట - ఇవి దోషములు. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేసిరని దానియందే కలదు. ధర్మమును, ఇంజనీరుపనిని వేఱుచేయని కాలమది. పుత్రుడు, నిధి, అగ్రహారము, దేవాలయము, తటాకము, వనము, కృతి యని సప్తసంతానములను చెప్పిన మన పెద్దలు గుడిని, చెఱువును ఒకే వరుసలో కూర్చుండబెట్టిరి. గుడిలోని కలశమును పూజించి చెఱువును విడుచుటకు శాస్త్రము దారి చూపలేదు.

చెఱువు నిర్వాహమునకు దశబంధపు ఇనాములుండెను. నీరుగంటివాడు తూము తీసి, వంతులవారిగా మళ్లకు నీరు పంచెను. కట్టకు మన్ను వేయుట, కాలువ పూడిక తీయుట ఊరివారందఱి పని. దానినే కుడిమరామత్తు అనిరి. ఈ సీమ 1800లో కుంపిణీ వశమైన పిదప, దత్తమండలమునకు ముఖ్యకలెక్టరుగా వచ్చిన మన్రో దొర, క్రొత్తచెఱువు త్రవ్వుటకు అనువైన తావు ఇచ్చట ఇంచుమించుగా మిగులలేదనియు, పూర్వులే యన్నింటిని వినియోగించిరనియు గ్రహించెను. పరదేశాధికారికే యాశ్చర్యము కలిగించిన పనియది. కాని శిస్తును వసూలుచేసికొనుటయందున్న శ్రద్ధ మరామత్తునందు లేకపోయెను. ఊరివారు తమంత తాము చేసికొను పనిని 1858లో మదరాసు ప్రభుత్వము చట్టముచేత నిర్బంధపుపనిగా మార్చినది. ప్రేమతో చేసినది వెట్టియైనపుడు ఎవ్వరు చేయుదురు? ఇంత చెప్పి తప్పంతయు తెల్లవారిమీదికి నెట్టి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినది. వంకలను పూడ్చి యిండ్లు కట్టినవారు, చెఱువు శిఖమును దున్నుకొన్నవారు, తుమ్మచెట్లు మొలచుచుండగా చూచుచు నూరకున్నవారు మనవారే.

ఈ ఊరిప్రక్కనున్న బుక్కరాయసముద్రపు కట్ట చెప్పెడు కథ మీకందఱకును తెలిసినదే. ఒకప్పుడు గొప్పవానకు చెఱువు నిండి కట్ట తెగనున్నది. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలిగా నిచ్చినచో కట్ట నిలుచునని దైవవాణి పలికినది. ఆ యిల్లాలు ఊరిని కాపాడుటకు ఇష్టపూర్వకముగా గండిలోనికి నడచినది. బ్రౌనుదొర ప్రకటించిన అనంతపురచరిత్రమునందున్న ఈ గాథనే గైకొని కట్టమంచి రామలింగారెడ్డిగారు "ముసలమ్మ మరణము" అను కావ్యమును వ్రాసి, ఆధునికాంధ్రకవిత్వమున నొక క్రొత్తదారి తీసిరి. నేను ఆ బలిని మెచ్చుకొనుట లేదు. కట్టను కాలమున బాగుచేసియున్నచో ఆ తల్లి ప్రాణము పోవలసిన యవసరము లేదు. పదిమంది పదితట్టల మన్ను వేయనందుకు ఒక స్త్రీ తన దేహమునే వేసినదని ఆ కథను నేను చదువుకొందును. నేటికిని బలి ఆగలేదు, రూపము మాఱినది. చెఱువెండినపిదప రైతు బోరును నమ్ముకొనెను. కొబ్బరికాయను అఱచేత నుంచుకొని పొలమంతయు నడచి, కాయ నిక్కినచోట బోరు వేయుట మన యూళ్లలో కలదు. కలశముపైనుండి దిగివచ్చిన కొబ్బరికాయయే యది! ఒకటి యెండినచో రెండవది, రెండవది యెండినచో మూడవది వేసి, అప్పులపాలై ప్రాణములు తీసికొన్నవారు ఈ జిల్లాలో నున్నారు. పైనున్న గంగను కట్టచేత పట్టుకొననివారికి పాతాళగంగ యెన్నాళ్లు దొరకును?

గుర్తును పట్టుకొని అర్థమును విడుచుటకు వినాయకచవితిని మించిన నిదర్శనము లేదు. చెఱువుమట్టితో ప్రతిమచేసి, పూజించి, మరల చెఱువుననే కలుపుట ఆచారము. చెఱువులోని మన్ను ఇంటికి దేవుడై వచ్చి తిరిగి చెఱువునకు పోవును. ఇప్పుడో, కరగని సున్నపుబొమ్మకు రంగులు పూసి, వీధులలో నూరేగించి, నీరులేని చెఱువులో దింపివచ్చుచున్నారు. మఱునాడు విఱిగిన చేతులతో, తొండములతో ఆ బొమ్మలు బురదయందు పడియుండును. ఆ దృశ్యమును చూచి దేవునికి అవమానమైనదని కోపగించుకొనువారు కలరు. అవమానము బొమ్మకు జరుగుటకు మున్నే చెఱువునకు జరిగినది.

కలశమును గూర్చి చెప్పవలసిన కఠినమైన మాట మఱియొకటి మిగిలినది. ప్రతినీటియందును గంగ యున్నదని శ్లోకము చెప్పుచుండగా, ఊరిబావిలోని నీటిని ఊరివారిలో కొందఱకు నిరాకరించిన చరిత్ర మనది. 1927 మార్చి 20వ తేదీన మహారాష్ట్రమునందలి మహాడు పట్టణమున అంబేద్కరుగారు వేలమందితో నడచిపోయి చవదారు చెఱువులో దోసెడు నీరు త్రాగిరి. ఆ పిదప అచ్చటి యగ్రవర్ణులు నూటయెనిమిది కుండలతో పాలు, పెరుగు, గోమయము, గోమూత్రము పోసి మంత్రములతో ఆ చెఱువును "శుద్ధి" చేసిరి. సోదరులారా! కలశమును కలశముచేతనే అబద్ధము చేసిన దినమది. 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ యధికరణమున, ప్రజలందఱకు చెందిన బావులు, చెఱువులు, స్నానఘట్టముల వాడుకయందు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అనువానిని మాత్రమే కారణముగా చూపి ఎవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. కలశశ్లోకమునకు ఇంతకంటె యథార్థమైన వ్యాఖ్యానమును నేను చదువలేదు. తన చెంబులోని నీటిలో గంగను చూచి, ఎదుటివాని చేతిలోని చెంబులో మైలను చూచువాడు కలశము నెత్తకుండుటయే మేలు.

ఇచ్చట రెండాక్షేపణలు రావచ్చును. "పూజ ఆత్మకు సంబంధించినది; చెఱువు సర్కారునకు సంబంధించినది; రెంటిని కలుపుట యేల?" యని కొందఱందురు. ఆత్మకు మాత్రమే సంబంధించినచో మానసపూజ చాలును. శాస్త్రమునందు దానికిని చోటు కలదు. చెంబు, నీరు, ఆకు, గింజ ఎందుకు తెచ్చిరి? దైవమును తలచుకొనునపుడు నేలను, నీటిని, పంటను మఱవకుండుటకే. ఊరంతయు కలసి చేయు పూజలను చూడుడు. వానలు వెనుకబడినపుడు విరాటపర్వము చదివింతురు. శివునకు సహస్రఘటాభిషేకము చేయుదురు. చెఱువు నిండి మరువ పాఱిననాడు గంగపూజ చేయుదురు. ఇంటి కలశము ఊరి కలశమై పెరుగుట ఇదియే. వేయికుండలు మోయుటకు ఊరు కూడగలిగినపుడు, వేయితట్టలు మోయుటకు ఏల కూడలేదు?

"కాలువలు వచ్చినవి గదా, ఇంక చెఱువులతో పనియేమి?" యని మఱికొందఱందురు. వచ్చిన మాట నిజమే. 1953లో తుంగభద్ర ఆనకట్ట ముగిసినపిదప జనులు హెచ్చెల్సీ యని పిలుచు ఎగువకాలువ వచ్చినది. 1995లో మొదలైన సత్యసాయి త్రాగునీటిపథకము ఏడువందలకుపైగా గ్రామములకు నీరిచ్చినది. శ్రీశైలజలాశయమునుండి కృష్ణానీరు హంద్రీ-నీవా ద్వారా 2012 నుండి ఈ సీమకు చేరుచున్నది. కలశమున తుంగభద్రను, కృష్ణవేణిని పిలిచినవారి పిలుపును ఇంజనీర్లు నిజము చేసిరనవచ్చును. అందఱకును మన కృతజ్ఞత. కాని నదులనుండి వచ్చిన నీరు నిలుచుటకు పాత్ర కావలయును గదా! ఓటిచెంబులో గంగను ఆవాహనము చేసినచో ఫలమేమి? ఆ పాత్రలు మన చెఱువులే, కుంటలే. పైగా పొరుగుసీమవారి వానమీద, ఎగువరాష్ట్రమువారి దయమీద ఆధారపడిన నీరు కరవుయేట తగ్గును. ఊరిలో కురిసిన చినుకు ఊరిదే.

కావున పెద్దలకు నా విన్నపమిది. శ్రావణమున వరలక్ష్మీవ్రతము వచ్చును. ప్రతియింటను కలశము నిలుచును. ఆనాడు ఏడు నదులను పిలిచినపిదప మీ యూరి చెఱువును పేరుపెట్టి పిలువుడు. ఇంటిలోని బిడ్డకు ఆ చెఱువునకు నీరు ఏ వంకనుండి వచ్చునో, తూము లెన్నియో, మరువ యెటు పాఱునో చెప్పుడు. చెప్పలేనివారు ఆ యాదివారము పిల్లలను వెంటబెట్టుకొని కట్టమీద నడచి చూచిరండు. వేసవిలో పూడిక తీయు పనికి ఇంటికొక మనిషి పోవుడు. తీసిన యొండ్రుమట్టి రైతుపొలమునకు బలము. వంకను ఆక్రమించినవాడు మీ బంధువైనను, మీ కులమువాడైనను, మీ పక్షమువాడైనను, వాని యింటి కలశమునకు పోక, మొదట వంకను వదలుమని చెప్పుడు. చవితికి చెఱువుమట్టి తెచ్చి ప్రతిమ చేయుడు. మీ వీధిలోని కొళాయికడ ఎవ్వరిని వెనుకకు నెట్టనీయకుడు. ఇవి రాజకీయములు కావు, క్రొత్త వ్రతములును కావు. మనము నిత్యమును చదువు శ్లోకమునకు ఇవి యర్థములు.

2022లో మన జిల్లా రెండుగా చీలినది. పుట్టపర్తి కేంద్రముగా వేఱొక జిల్లా యేర్పడినది. గీత కాగితముమీద పడినది గాని చిత్రావతిమీద పడలేదు. కరవునకును జిల్లా సరిహద్దు తెలియదు. రెండు జిల్లాలవారమును ఒకే కుండలోని నీరు త్రాగువారమే.

కలశము నిండుగా నుండవలయునని, వట్టిచెంబును పూజయందు నిలుపరాదని మన స్త్రీలు ఎఱుగుదురు. ఆ నియమమును వంటింటినుండి ఊరికట్టవఱకు తీసికొనిపోవుడని మాత్రమే నేను కోరుచున్నాను.